రెండు చెరువులు, ఒక క్లాసు

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టావని అమ్మ చెప్పింది. ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్ అంటూ నిర్వచనాలు బట్టీ పడుతున్నావట. పరీక్షకి అవి కావాలి, కాదనను. ప్రోగ్రాం రాయడానికి మాత్రం ముందు తేలాల్సింది ఒక్కటే: ఏ లెక్క ఎవరిది?

మీ భీమవరం వైపు రొయ్యల చెరువులే తీసుకో. నార్వేలో డాల్, నైగార్డ్ కలిసి 1960లలో సిమ్యులా భాష తయారుచేసింది కూడా బయట జరిగే పనుల్ని కంప్యూటర్లో అనుకరించి చూడ్డానికే. క్లాసులూ ఆబ్జెక్టులూ అక్కణ్ణుంచే వచ్చాయి. క్లాసంటే ఒక నమూనా, ఆబ్జెక్టంటే ఆ నమూనా ప్రకారం చేసిన ఒక్కో వస్తువు.

చెరువుకి వేసిన సీడు (పిల్లల సంఖ్య), బతికిన శాతం, కౌంటు ఉంటాయి. కౌంటు సంగతి నీకు తెలుసు, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత. ముందు క్లాసు లేకుండానే పైథాన్ భాషలో రాయి: సీడు1, కౌంటు1, సీడు2, కౌంటు2 అని. నాలుగైదు చెరువులయ్యేసరికి ఒక చెరువు సీడుని ఇంకో చెరువు కౌంటుతో భాగించేస్తావు. పైథాన్ అడ్డు చెప్పదు, తప్పు బరువు చూపించి ఊరుకుంటుంది. ఆ చిరాకు ఓసారి పడు.

అప్పుడు చెరువు అనే క్లాసు రాయి. అందులో ఇనిట్ అనే మెథడ్ (క్లాసులో రాసే పని), ఆబ్జెక్టు తయారవగానే తనంతట తనే నడిచి ఆ మూడు విలువల్నీ సెల్ఫ్‌లో, అంటే ఆ ఆబ్జెక్టులోనే, దాచేది. నిల్వ_బరువు అనే ఇంకో మెథడ్: సీడుని శాతంతో గుణించి, వందతో భాగించి, మళ్లీ కౌంటుతో భాగించేది. రెండు ఆబ్జెక్టులు చెయ్యి. 1,00,000 సీడు, 80 శాతం, 50 కౌంటుకి 1,600 కిలోలు రావాలి. 60,000 సీడు, 70 శాతం, 40 కౌంటుకి 1,050 రావాలి. ఒక్క ఆబ్జెక్టుతో ఆపితే ఏదీ అర్థం కాదు, తప్పులన్నీ రెండోదానితోనే బయటపడతాయి.

(పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. అయితే కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి చేరుస్తాయి, దానికి ఎర్రర్ ఇస్తుంది.)

ఇక ఎక్కడ తన్నుతుందో చెబుతాను. ఇనిట్‌కి ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు ఉండాలి. ఒక్కోటే పెడితే రాసేటప్పుడు ఏమీ అనదు, విలువలిచ్చి ఆబ్జెక్టు చెయ్యబోతే 'టేక్స్ నో ఆర్గ్యుమెంట్స్' అంటుంది. మెథడ్ బ్రాకెట్లో సెల్ఫ్ మర్చిపోతే, నువ్వేమీ ఇవ్వకపోయినా 'వన్ వాజ్ గివెన్' అని గోల పెడుతుంది. ఆ ఒక్కటీ ఆబ్జెక్టే, చెరువు1.నిల్వ_బరువు() అని పిలిస్తే చుక్కకి ఎడమవైపున్నది తనంతట తనే లోపలికి వెళ్తుంది. ఇనిట్ లోపల ఉత్త కౌంటు = కౌంటు అని రాస్తే ఆ విలువ మెథడ్ అయిపోగానే పోతుంది. సెల్ఫ్ చుక్క కౌంటు అని ఉండాలి.

అన్నిటికన్నా దొంగ తప్పు జాబితాది. మేత_పద్దు అనే ఖాళీ జాబితాని ఇనిట్‌లో కాకుండా క్లాసు కింద నేరుగా రాశావనుకో. మొదటి చెరువుకి 48 కిలోల మేత అపెండ్ చేస్తే (జాబితా చివర చేరిస్తే) రెండో చెరువు పద్దులోనూ 48 కనిపిస్తుంది. క్లాసు తయారైనప్పుడు ఆ జాబితా ఒక్కసారే పుడుతుంది, అన్ని చెరువులకీ అదే. అంకెలతో ఈ తంటా రాదు, ఎందుకంటే సెల్ఫ్‌లో కొత్త అంకె పెట్టగానే ఆ ఆబ్జెక్టుకి సొంతది ఏర్పడుతుంది. అపెండ్ మాత్రం ఉన్న జాబితానే మారుస్తుంది. ఇనిట్ బ్రాకెట్లో డిఫాల్ట్‌గా ఖాళీ జాబితా ఇచ్చినా ఇదే గొడవ. అలాగే చెరువు2 = చెరువు1 అంటే కాపీ కాదు, ఒకే ఆబ్జెక్టుకి రెండు పేర్లు.

కౌంటు సున్నా ఇస్తే భాగహారం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి కౌంటు మార్చే పని ఒక్క మెథడ్‌కే అప్పగించి, సున్నా లేదా అంతకన్నా తక్కువ వస్తే అక్కడే వాల్యూఎర్రర్ (విలువ తప్పు అనే ఎర్రర్) ఇవ్వు. ఎన్‌క్యాప్సులేషన్ అనేది ఈ కాపలాయే. జావా భాషలో ప్రైవేట్ అంటే కంపైలరే ఆపేస్తుంది. పైథాన్‌లో పేరు ముందు ఒక అండర్‌స్కోరు 'బయటివాళ్లు ముట్టుకోవద్దు' అనే మర్యాద మాత్రమే.

ఇన్‌హెరిటెన్స్‌కి తొందరపడకు. చేపల చెరువు కూడా వచ్చాక చూడు. సీడు, శాతం రెండిటికీ ఉన్నాయి, అవి చెరువు క్లాసులో ఉంచు. చేపలకి కౌంటు ఉండదు, సగటు బరువుంటుంది. రొయ్యల చెరువు, చేపల చెరువు పిల్ల క్లాసులు, తల్లి క్లాసులో ఉన్నవి వాటికీ వస్తాయి, ఇన్‌హెరిటెన్స్ అంటే అదే. రెండూ నిల్వ_బరువుని ఎవరి పద్ధతిలో వారు రాస్తాయి. అన్ని చెరువులనీ ఒక జాబితాలో వేసి లూప్‌లో నిల్వ_బరువు పిలిస్తే ఏది ఏ రకమో అడగక్కర్లేదు, పాలిమార్ఫిజం అంతే. పిల్ల క్లాసులో ఇనిట్ రాస్తే అందులో సూపర్ ద్వారా తల్లి ఇనిట్‌ని పిలవడం మర్చిపోకు, లేకపోతే సీడు లేదంటుంది. ఏరియేటర్‌ని (నీటిలో గాలి కలిపే యంత్రాన్ని) మాత్రం చెరువుకి పిల్లగా చెయ్యకు. ఏరియేటర్ చెరువు కాదు, చెరువులో ఉండేది. దానికి వేరే క్లాసు రాసి, ఆ ఆబ్జెక్టుల్ని చెరువులో జాబితాగా పెట్టుకో.

ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్ ఫోటో తీసి పంపకు, కోడూ ఎర్రరూ కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టు. పంపేముందు ఆఖరి వరుస చదువు, పైథాన్ అసలు కారణం అక్కడే చెబుతుంది.

మీ మావయ్య