టెక్ సందేహాలు: అమెరికా నంబరు ఎప్పుడు తీసేయాలి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగం విదేశాల నుంచి తిరుగు ప్రయాణం గురించే. బడులు తెరిచేలోపు ఊరు చేరిపోవాలనుకునే కుటుంబాల హడావుడి కాబోలు.

డల్లాస్‌లో ఉంటున్నాం. జూన్‌లో తిరుపతికి వచ్చేస్తున్నాం, ఇక అక్కడే. ఫ్లైట్ ఎక్కే ముందు రోజు ఫోన్ కనెక్షన్ క్యాన్సిల్ చేస్తే సరిపోతుందా? మావి ఇక్కడ అమెరికాలో కొన్న ఐఫోన్ 15లు. ఇండియా సిమ్ పడుతుందా?

దయచేసి క్యాన్సిల్ చేయకండి. ఇల్లు ఖాళీ చేయడం, కారు అమ్మడం, సామాను పంపడం అన్నీ అయిపోయాక, చిట్టచివర ముట్టుకోవాల్సింది ఆ నంబరు. చాలామంది దాన్నే మొదట వదిలించుకుంటారు. నెలకు కొన్ని డాలర్లు మిగులుతాయని ఆశ.

మీ బ్యాంకు, క్రెడిట్ కార్డు, 401కె (రిటైర్మెంట్ పొదుపు), ట్యాక్స్ ఖాతా అన్నీ ఓటీపీ పంపేది దానికే. ఊరికొచ్చినంత మాత్రాన వాటితో పని తీరదు. ఈ ఏడాది జీతం, పన్ను లెక్క చూపే డబ్ల్యూ-2 కాగితం చేతికొచ్చేది వచ్చే జనవరిలో. పేరోల్ సైటులో ఆఫీసు ఈమెయిలే ఇచ్చి ఉంటే ఇప్పుడే సొంతది పెట్టండి, ఉద్యోగం చివరి రోజున ఆఫీసుది మూతపడుతుంది. ఇక వదిలేసిన నంబరును అక్కడి రూలు ప్రకారం కనీసం 45 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పటి నుంచి మీ ఓటీపీలు ఆ మనిషికి వెళ్తాయి.

ఒక్కో ఖాతాలోకి వెళ్లి, వీలున్నచోటల్లా ఎస్సెమ్మెస్ తీసేసి, ఫోన్లోనే కోడ్లు చూపే అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. అమెరికా ప్రభుత్వ సైట్ల లాగిన్ అయిన లాగిన్ డాట్ గవ్‌లో ఆ సౌకర్యం ఉంది, బ్యాకప్ కోడ్లు కూడా ఇస్తారు. వాటిని కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టండి. ఫోన్లోనే దాచుకుంటే, ఫోన్ పోయిన రోజు కోడ్లూ పోతాయి. ఎస్సెమ్మెస్ తప్ప వేరే దారి ఇవ్వని బ్యాంకులు ఎలాగూ కొన్ని మిగులుతాయి. వాటి కోసం నంబరును బతికించుకోవాలి. గూగుల్ వారి ఇంటర్నెట్ ఫోన్ సేవ గూగుల్ వాయిస్‌కు పోర్ట్ చేసుకోవచ్చు, అంటే అదే నంబరును అక్కడికి మార్చుకోవచ్చు. ఒక్కసారి 20 డాలర్లు కడితే నెలవారీ బిల్లు ఉండదు. కానీ కొన్ని బ్యాంకులు ఇంటర్నెట్ నంబర్లకు ఓటీపీ పంపవు. నా ఓటు, వైఫై కాలింగ్ (సెల్ టవర్ లేకున్నా వైఫై మీదే కాల్స్, మెసేజ్‌లు) ఉన్న చవక ప్రీపెయిడ్ ప్లాన్‌కు. ఏ దారి పట్టినా పాత కనెక్షన్ బతికి ఉండగానే పోర్ట్ చేయాలి. వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడు అత్యవసర కాల్స్ కోసం అక్కడి అడ్రస్ అడుగుతుంది, కాబట్టి ఆ పనీ అక్కడుండగానే ముగించండి.

తర్వాత ఒక చిన్న పరీక్ష. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేసి, బ్యాంకు యాప్‌లో ఓటీపీ అడగండి. వస్తే తిరుపతిలోనూ వచ్చే అవకాశం ఎక్కువ. రాకపోతే సరిచేసుకోవడానికి మీరింకా డల్లాస్‌లోనే ఉన్నారు. రేణిగుంటలో కూర్చుని, అక్కడి పగటివేళ కోసం రాత్రంతా మేలుకుని కస్టమర్ కేర్‌తో వాదించే టెన్షన్ తప్పుతుంది.

ఇక ఫోన్ల సంగతి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ ట్రేనే లేదు. సెలవులకు వచ్చినప్పుడు వాడి బీరువాలో దాచిన ఇండియా సిమ్ వాటిలో పట్టదు, కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే ఈసిమ్‌గా మార్చుకోవాలి. అందుకోసం ఆ సిమ్‌ను ముందు ఇంకో ఫోన్లో వేసి మెసేజ్ పంపాల్సి రావచ్చు, నాన్నగారి పాత ఫోన్ సరిపోతుంది. మీ ఐఫోన్లో రెండు ఈసిమ్‌లు ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి రెండు దేశాల నంబర్లూ పక్కపక్కనే ఉంటాయి. ఫోన్ వాయిదాలు బాకీ ఉంటే మాత్రం అది అమ్మిన నెట్‌వర్క్ కంపెనీకే లాక్ అయి ఉండొచ్చు. కట్టేసి, అన్‌లాక్ చేయించుకునే బయలుదేరండి.

న్యూజెర్సీ నుంచి మా అబ్బాయి వాళ్లు వచ్చేస్తున్నారు. ఇన్‌స్టంట్ పాట్, బ్లెండర్, పెద్ద టీవీ అన్నీ తెస్తానంటున్నాడు. మన కరెంటుకు పనిచేస్తాయా? (కొర్లగుంట, తిరుపతి)

అమ్మా, వద్దని చెప్పండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. వస్తువు వెనక లేబుల్ మీద 'ఇన్‌పుట్ 100–240' అని ఉంటే ఇక్కడా నడుస్తుంది. ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్లు దాదాపు అన్నీ అలాంటివే. వేడెక్కేవి, గిర్రున తిరిగేవి ఎక్కువగా 120కే చేసి ఉంటాయి, నేరుగా పెడితే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉందిగా అంటాడేమో. వెయ్యి వాట్ల కుక్కర్‌కు అంతకంటే పెద్దది కావాలి, అది బరువూ, ఖర్చూ. వోల్టేజీ తగ్గించినా హెర్ట్జ్ మారవు. గాంధీ రోడ్డులో మంచి మిక్సీ కొనండి. ఊరిబిండి మన మిక్సీలో నలిగినట్టు ఆ బ్లెండర్‌లో నలగదు లెండి.

టీవీ అయితే అసలు వద్దు. ఫ్లాట్ టీవీలకు డ్యూటీ ఫ్రీ వెసులుబాటును 2013 ఆగస్టులోనే తీసేశారు, చెన్నైలో దిగగానే సుంకం కట్టమంటారు. పైగా అక్కడి ట్యూనర్ (ఛానళ్లు పట్టే భాగం) పద్ధతి వేరు. అక్కడే అమ్మేసి రమ్మనండి. పెద్దవాళ్లకు తలా ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఫొటోలున్న హార్డ్ డిస్కులు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

కువైట్ నుంచి చిత్తూరుకు వచ్చేస్తున్నాను. బ్యాంకుకు, ఆధార్‌కు ఇచ్చిన ఇండియా సిమ్ రీఛార్జ్ చేయక ఆగిపోయింది. ఫోన్‌పే ఎలా?

90 రోజులు వాడకుండా ఉంటే ప్రీపెయిడ్ సిమ్‌ను తీసేసే వీలు కంపెనీకి ఉంది. ఆ నంబరు ఇంకొకరికి వెళ్లి ఉంటే మీ బ్యాంకు మెసేజ్‌లు వాళ్లకు పోతుంటాయి, కాబట్టి పాత నంబరు తీసేయమని కువైట్ నుంచే బ్యాంకుకు చెప్పండి. ఊరికి వచ్చాక ముందు కొత్త సిమ్, ఆ తర్వాత ఆధార్ సెంటర్‌లో వేలిముద్ర వేసి నంబరు మార్పు, ఆ తర్వాత బ్యాంకు. యూపీఐ ఆఖరున. బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ ఆ ఫోన్లో ఉంటేనే యాప్ రిజిస్టర్ అవుతుంది. విదేశీ నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చని 2023లో అనుమతించారు కానీ, మొదటి పది దేశాల జాబితాలో కువైట్ లేదు. బ్యాంకుకు వెళ్లినప్పుడే తిరిగొచ్చేశానని చెప్పి, ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండేవాళ్ల) ఖాతా ఉంటే దాన్ని రెసిడెంట్ ఖాతాగా మార్పించండి. అది చట్ట ప్రకారం చేయాల్సిన పని.

మీకొక సుఖం ఉంది. కువైట్ కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇస్త్రీ పెట్టె తెచ్చుకున్నా ప్లగ్గు మారిస్తే చాలు.

డ్రోన్, పవర్ బ్యాంకు తేవచ్చా?

డ్రోన్ వద్దు, 2022 ఫిబ్రవరిలో దిగుమతిని నిషేధించారు. తిరుమల కొండ మీద ఎగరేద్దామనే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే తేవాలి. 100 వాట్ అవర్, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాటితే ఎయిర్‌లైన్‌ను ముందే అడగండి. అమెరికాలో ట్రెక్కింగ్‌కు వాడిన, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ లాంటిది బ్యాగులో ఉందేమో ఒకసారి చూసుకోండి. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి ఉంటే ఎయిర్‌పోర్టులోనే పోలీసు కేసు దాకా పోవచ్చు.