పసిఫిక్‌లో అల్పపీడనం, పాప మనీలాలో ఉంది: ఏం చూస్తూ ఉండాలి?

అక్కా, పాప మనీలాలో ఎంబీబీఎస్ చదువుతోంది, తూర్పున సముద్రంలో అల్పపీడనం మొదలైంది, యూట్యూబ్‌లో అప్పుడే సూపర్ టైఫూన్ అంటున్నారు, ఎవర్ని నమ్మాలి అని అడిగారు. మాది కర్నూలు. మా వాడు కూడా అక్కడే చదివాడు, మీ టెన్షన్ నాకు తెలుసు.

పది రోజుల తర్వాత తీరం దాటే చోటు చూపించే మ్యాపులు ఇప్పుడు చూడకండి. సుడికి ఇంకా కేంద్రమే కుదరలేదు. అలాంటప్పుడు వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లు పూటకో మాట చెబుతాయి. పొద్దున మనీలా అన్నది రాత్రికి తైవాన్ అంటుంది.

ఈ దశలో నేను చూసేది హవాయిలోని అమెరికా నేవీ కేంద్రం, జేటీడబ్ల్యూసీ. అనుమానం ఉన్న మేఘాల గుంపుకు 90 నుంచి 99 లోపు నంబరు, పక్కన డబ్ల్యూ పెడతారు. 24 గంటల్లో వాయుగుండం అయ్యే అవకాశం తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని చెబుతారు. ‘ఎక్కువ’ అంటే ఏర్పడుతుందనే, భీకరంగా ఉంటుందని కాదు. దానితోపాటు హిమావారి ఉపగ్రహం ఫోటోలు చూడండి, పది నిమిషాలకొకటి వస్తుంది. సుడి ఒకచోట, మేఘాలు పక్కకు ఒరిగి ఇంకోచోట ఉంటే పైగాలులు దాన్ని ఎదగనివ్వడం లేదన్నమాట. మేఘాలు సుడి మీదే కమ్ముకుని రాత్రంతా చెదరకపోతే అప్పుడు పట్టించుకోవాలి. గాలివేగం గంటకు 63 కిలోమీటర్లు దాటాక టోక్యోలోని జపాన్ వాతావరణ శాఖ వాళ్లు పేరు పెడతారు.

కానీ పేరు, గాలివేగం చూసి ధైర్యపడొద్దు. 2009 సెప్టెంబరు 26న మనీలాను ముంచిన కెట్సానా తుఫాను అప్పటికి టైఫూన్ స్థాయికి కూడా చేరలేదు, 24 గంటల్లో 455 మిల్లీమీటర్ల వాన కురిసింది. వారం తిరక్కుండానే అక్టోబరు 2న మన కర్నూలు మునిగింది. మన దగ్గరా ఊరిని ముంచింది గాలి కాదు, తుంగభద్ర, హంద్రీ నీళ్లే కదా. ఫిలిప్పీన్స్ వాతావరణ శాఖ పగాసా ఇచ్చే 1 నుంచి 5 సిగ్నళ్లు గాలికి మాత్రమే. ఒకటో నంబరంటే 36 గంటల్లో గంటకు 39 నుంచి 61 కిలోమీటర్ల గాలి. వాన హెచ్చరిక విడిగా వస్తుంది, అది తప్పకుండా చూడాలి. తుఫాను దూరంగా పోతున్నా నైరుతి గాలుల్ని లాగి మనీలాలో కుండపోత కురిపిస్తుంది.

తుఫాను దగ్గరికొస్తే అక్కడ ఉదయం 11కి వచ్చే బులెటిన్ మనకు ఎనిమిదిన్నరకు అందుతుంది. అది చదివాకే పాపకు ఫోన్ చేయండి. గది ఏ అంతస్తులో ఉంది, దగ్గర్లో ఏరు ఏదైనా ఉందా, తాగే నీళ్లు పట్టిపెట్టుకుందా, పవర్ బ్యాంక్ నిండిందా అడగండి. గది కింది అంతస్తులో ఉంటే వాన మొదలవ్వకముందే పైన ఉండే స్నేహితురాలి గదికి వెళ్లమనండి.