సూదులకు కరెంటు పెడితే అరికాళ్ల మంటలు తగ్గుతాయా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రాత్రి నడుం వాల్చితే చాలు అరికాళ్లలో మంటలు, పోట్లు. పగలేమో దూది మీద నడుస్తున్నట్టు ఉంటుంది. నరాల మాత్ర వేసుకుంటే పొద్దునదాకా మత్తు. ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌తో నరాలు మళ్లీ బాగవుతాయని, మాత్రలు మానేయొచ్చని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? షాక్ కొడుతుందేమోనని భయం కూడా.
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు షాక్ సంగతి. సన్నటి సూదులు గుచ్చి, వాటికి జంటగా చిన్న క్లిప్పులు తగిలించి, బ్యాటరీ పెట్టె నుంచి చాలా తక్కువ కరెంటును ఆగి ఆగి పంపుతారు, అంతే. నాబ్ తిప్పుతుంటే మొదట ఏమీ తెలియదు, కాసేపటికి లోపలినుంచి ఎవరో టకటకా తడుతున్నట్టు ఉండి కండ సన్నగా అదురుతుంది. అక్కడితో ఆపాలి. ఓర్చుకున్నకొద్దీ గుణం ఎక్కువ అనే మాట నమ్మకండి. మామూలుగా 20 నుంచి 30 నిమిషాలు పెడతారు.

నొప్పి తగ్గడం ఉత్త భ్రమేమీ కాదు. సెకనుకు 2 సార్లు తట్టేలా పెడితే శరీరంలో ఎండార్ఫిన్లు, 100 సార్లయితే డైనార్ఫిన్ విడుదలవుతాయని పరిశోధనల్లో తేలింది, ఇవి మన ఒంట్లోనే తయారయ్యే మార్ఫిన్ లాంటివి. 1977లో ఒక ప్రయోగంలో, సూదులతో పంటి నొప్పి తగ్గినవాళ్లకు మార్ఫిన్ విరుగుడైన నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం పోయింది. క్యాన్సర్ నుంచి బయటపడి నొప్పులతో బాధపడుతున్న 360 మందితో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది, అందులోనూ మామూలు చికిత్స కంటే దీనితో నొప్పి బాగా తగ్గింది. అయితే ఉత్తుత్తి సూదులతో పోల్చి చూసిన చోట్ల తేడా చాలాసార్లు చిన్నదిగానే కనిపిస్తుంది, అదీ చెప్పాలి కదా.

ఇక మీ అసలు ప్రశ్న. నొప్పి తగ్గడం వేరు, నరం బాగవడం వేరు. షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలను ఇది తిరిగి మామూలు చేస్తుందని రుజువు కాలేదు, కాబట్టి మాత్రలు మానేయమన్నవాళ్ల మాట వినకండి. షుగర్ మాత్రలైతే అసలే మానొద్దు. నరాల మాత్ర కూడా ఉన్నట్టుండి ఆపితే ఇబ్బందే, మత్తు సంగతి మీ డాక్టర్‌కి చెబితే మోతాదో, వేసుకునే వేళో మారుస్తారు. పనిలో పనిగా విటమిన్ బి12 పరీక్ష రాయమనండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గొచ్చు, తగ్గితే ఇవే తిమ్మిర్లు, ఇవే మంటలు. అదే కారణమైతే బి12 వేసుకుంటే సరిపోయేదానికి సూదులెందుకు?

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీ 'దూది' మాట. పాదానికి స్పర్శ తగ్గిందంటే కరెంటు ఎంత వస్తోందో మీకు తెలియదు, "ఇంకా తెలియట్లేదు" అంటుంటే అవతలివాళ్లు పెంచుకుంటూ పోతారు. స్పర్శ బాగా ఉన్న చోట, అంటే మోకాలి కింద పిక్క దగ్గర, పెట్టమని అడగండి. పాదం మీద పుండు, పగులు ఉంటే ఆ చోట సూదే వద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, మూర్ఛ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే అసలు చేయించుకోకపోవడమే మంచిది.

ఇవేవీ అడ్డు లేకపోతే, మీ డాక్టర్‌కి చెప్పి ఆరేడు సార్లు చేయించుకుని చూడండి. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో మొదటి రోజు నుంచే ఒక కాగితం మీద రాసుకోండి, ఆ అంకె తగ్గకపోతే ఆపేయండి. సూదులు కొత్తవే వాడాలి, ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపమనండి.