లిబరేటర్ మొదలుపెట్టే ముందు ఇది చదువు

అల్లుడూ,

ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్ కోసం పాత యుద్ధ విమానం మోడల్ చేస్తున్నానన్న నీ మెసేజ్ చూశాను, స్క్రీన్‌షాట్లూ చూశాను. కాక్‌పిట్‌లో డయల్స్ అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి గానీ, ఆ కాక్‌పిట్ చుట్టూ ఇంకా విమానమే లేదు కదరా. కాసేపు ఆ బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ మూసేసి నేను చెప్పేది విను.

1942 ఏప్రిల్ 6న మన కాకినాడ మీద, విశాఖ మీద బాంబులేసిన జపాను విమానం చేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగావు. ర్యూజో అనే నౌక మీంచి లేచిన నకజిమా బీ5ఎన్ అది. మన జిల్లా కథ కాబట్టి మనసు అటు లాగుతుంది, కాదనను. కానీ ఫొటోలతో సరిచూసుకోడానికి ఇవాళ దాని శిథిలాలే మిగిలాయి, మొదటి పనికి అది వద్దు. రెండోదిగా రాశావు చూడు, అమెరికా వాళ్ల నాలుగింజన్ల బాంబర్ బీ-24 లిబరేటర్, అది చెయ్యి. 18 వేలకు పైగా తయారైన విమానం, అప్పటి పైలట్ శిక్షణ మాన్యువల్ వెతికితే దొరుకుతుంది, పైగా మన ఎయిర్‌ఫోర్స్ నడిపినదే ఒకటి లండన్ మ్యూజియంలో నిలబడి ఉంది, ఏ మూల ఫొటో కావాలన్నా దొరుకుతుంది.

అయితే ఊరికే 'లిబరేటర్' అంటే కుదరదు. ఏ రకం, ఏ ఏడాది, ఎవరి చేతిలో ఉన్నప్పటిది, ఇది తేల్చకుండా ఒక్క పాలిగాన్ కూడా గీయకు. డి రకానికి ముక్కంతా గాజు, జె రకానికి అదే చోట తుపాకులు బిగించిన తిరిగే గూడు, టరెట్. నన్నడిగితే మనవాళ్లదే తీసుకో. యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో పాడుచేసి వదిలేసిన లిబరేటర్లను మన విమానాల కంపెనీ హెచ్ఏఎల్ వాళ్లు బాగుచేసి బెంగళూరుకి ఎగరేసుకుపోయారు, వాటితోనే 1948 నవంబర్‌లో 5వ స్క్వాడ్రన్ మొదలైంది, 1968 దాకా సముద్రం మీద గస్తీ తిరిగాయి. ఇక్కడ ఏడాది ఎందుకంటున్నానో చూడు: 1948 అంటే రెక్క మీద అశోక చక్రం గుర్తు వెయ్యాలి, 1950 తర్వాత అంటే మూడు రంగుల గుండ్రం. ఏడాది తేలితే ఇలాంటి వంద చిన్న ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి, లేకపోతే ఒక్కో దాని దగ్గర వారం రోజులు తన్నుకుంటావు.

డ్రాయింగుల విషయంలో, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైనవాణ్ణి కాబట్టి, కాస్త గట్టిగానే చెబుతాను. నెట్‌లో దొరికే మూడు వైపుల బొమ్మల్ని నమ్మకు. స్కాన్ చేసేటప్పుడు కాగితం ఒక వైపు సాగి ఉంటుంది. రెక్కల చివర నుంచి చివర దాకా 110 అడుగులు, అంటే 33.5 మీటర్లు, ఆ లెక్కకి పైనుంచి చూసిన బొమ్మని సరిపెట్టు. అప్పుడు జె రకం పొడవు 20.5 మీటర్ల దగ్గర రావాలి. రాకపోతే ఆ బొమ్మ పక్కన పడేసి ఇంకోటి వెతుక్కో. రెక్క వెడల్పు మరీ తక్కువగా ఉందేమిటి అనిపించి పెంచేస్తావేమో, అది డేవిస్ అనే ఆయన రూపొందించిన రెక్క, నిజంగానే అంత తక్కువ. విస్తీర్ణం 1,048 చదరపు అడుగులు, పొడవుని సగటు వెడల్పుతో భాగిస్తే పదకొండున్నర వస్తుంది.

ఇక అసలు సంగతి, బరువులు. ఫ్లైట్‌గేర్‌లో చేస్తున్నావు కాబట్టి విమానం ఎలా ఎగరాలో లెక్కగట్టే జెఎస్‌బిసిమ్ ఫైల్ ముందు రాయి, అందం తర్వాత. కావాలంటే నాలుగు పెట్టెలు అతికించిన బొమ్మతోనే ఎగరేసి చూడు. ఖాళీ విమానం పదహారున్నర టన్నుల చిల్లర. దాని మీద సిబ్బందిని, ట్యాంకుల్లో పెట్రోలుని, బాంబుల్ని విడివిడిగా, ఎక్కడుండాలో అక్కడ పెట్టు. బాంబులు వదిలినప్పుడు విమానం తేలికపడి పైకి లేవాలి కదా, బరువంతా ఒకే ముద్దగా పెడితే అది ఎలా వస్తుంది? సిమ్యులేటర్ తెరవగానే విమానం తోక మీద కూలబడిందంటే సీజీ, అంటే బరువంతా తూగే కేంద్రం, వెనక చక్రాలు దాటిపోయిందన్నమాట. చక్రాల జోలికి వెళ్లకు, బరువులు చూడు.

ముక్కు చక్రం చాలామంది తప్పు చేసే చోటు. పెడల్ తొక్కితే కారులా తిరిగేలా పెట్టేస్తారు. లిబరేటర్ ముక్కు చక్రానికి స్టీరింగ్ లేదు, దానంతటది తిరుగుతుంది. నేల మీద మలుపు తిప్పేది కుడి ఎడమ బ్రేకులతో, చివరి ఇంజన్ల థ్రాటిల్‌తో. ఫైల్‌లో ఆ చక్రం ఎంతవరకు తిరగొచ్చో చెప్పే మ్యాక్స్ స్టీర్ దగ్గర 360 పెట్టు, బ్రేకుల్ని ఎడమ, కుడి గ్రూపులుగా విడగొట్టు. మొదట్లో రన్‌వే మీద పాములా మెలికలు తిరుగుతుంది, కంగారు పడకు, అలవాటవుతుంది.

బాంబు తలుపుల దగ్గర నువ్వు మామూలు తలుపుల్లా కీలు పెడతావేమో. పెట్టకు. అవి కొట్టు షట్టర్ లాంటివి, పొట్ట పక్కల మీదుగా పైకి జారిపోతాయి. ఒకే ముక్కగా తిప్పితే రాదు. విమానం పొడవు వెంట సాగే సన్నటి పట్టీలుగా కొయ్యి, అన్నిటికీ కదలికని నడిపే విలువ, అంటే ప్రాపర్టీ, ఒకటే ఇవ్వు, ఒక్కో పట్టీ కాస్త ఆలస్యంగా కదిలేలా ఆఫ్‌సెట్ పెట్టు. రెండు సాయంత్రాలు పడుతుంది, విసుగు పని, కానీ లిబరేటర్ గురించి తెలిసినవాడు మొదట చూసేది అక్కడే.

ఇంజన్లు నాలుగూ ఒకటే, ఒక్కోటి 2,700 ఆర్‌పీఎం దగ్గర 1,200 హార్స్‌పవర్, గాలిని ఒత్తి ఇంజన్‌కి పంపే టర్బో ఉండబట్టి పైకి వెళ్లినా ఆ బలం వెంటనే పడిపోదు. అయితే ఒకటి మర్చిపోకు, హైడ్రాలిక్ పంపు ఉన్నది మూడో ఇంజన్‌కి. అది ఆగితే చక్రాలకీ ఫ్లాప్స్‌కీ వేరే పంపు వెయ్యాలి. ఈ ఒక్కటీ సరిగ్గా కలిపావంటే ఎగరేసేవాడికి టెన్షన్ అంటే ఏమిటో తెలుస్తుంది. టెక్స్‌చర్ల గురించి నేను చెప్పేదేం లేదు, అది నీకే బాగా తెలుసు. తుప్పు, మసి మాత్రం తగ్గించు, అందరూ ఎక్కువ పూస్తారు.

పరీక్షకి లండన్ దాకా ఎందుకు, మన మధురపూడి ఎయిర్‌పోర్టులో లేపి గోదారి వెంట అంతర్వేది దాకా వెళ్లి రా. ఒకసారి 15 డిగ్రీల వాతావరణం పెట్టి, ఇంకోసారి మన రోహిణి కార్తెలా 42 పెట్టి, అదే బరువుతో లేపు. ఎండకి గాలి పలచబడుతుంది కాబట్టి రెండోసారి రన్‌వే బాగా ఎక్కువ తినాలి. రెండుసార్లూ ఒకే చోట లేచిందంటే ఫైల్‌లో ఏదో తేడా ఉంది.

వేరేవాళ్లు చేసిన 3డీ బొమ్మ (మెష్) ఒక్క ముక్క కూడా అడక్కుండా వాడకు, చక్రమైనా సరే. ఈ ఆదివారానికి నాకు స్క్రీన్‌షాట్లు వద్దు, బరువుల ఫైల్ పంపు. సీజీ నేను లెక్కగట్టి చెబుతాను. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య