సోలార్ బండి, రోబో చేయాలంటే ఏ బ్రాంచి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రోబోలు, సోలార్‌తో నడిచే బండ్లు తయారుచేస్తానంటోంది. బంధువులేమో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) తప్ప ఏదీ వద్దంటున్నారు. కొత్తగా పెట్టిన రోబోటిక్స్ బ్రాంచిలో చేర్చమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అమ్మాయి అడుగుతున్న రెండూ ఒకే బండిలో ఉండటం 2023 ఆగస్టులో మనమంతా టీవీల్లో చూశాం. అదే చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్. ఆరు చక్రాలు, 26 కిలోల బరువు. దాని సోలార్ ప్యానెల్ ఇచ్చేది 50 వాట్లే, మన ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాన్‌కు కూడా చాలదు. ఆ కాస్త కరెంటుతోనే చందమామ మీద వంద మీటర్లు తిరిగింది.

రోడ్డు మీద కారుకు లెక్క ఇంకా కష్టం. మీ అమ్మాయితోనే వేయించి చూడండి. కారు పైకప్పు మీద రెండు చదరపు మీటర్ల ప్యానెల్ పట్టిందనుకుందాం. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల ఎండ పడితే అందులో ఐదో వంతే కరెంటవుతుంది, అంటే మొత్తం 400 వాట్లు. ఐదు గంటలు అలాంటి ఎండ కాస్తే రెండు యూనిట్లు. చిన్న ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వెళ్తుందనుకున్నా, రోజంతా ఎండలో నిలబెడితే వచ్చేది పద్నాలుగు కిలోమీటర్లు! సోలార్ కార్లు అమ్ముతామన్న నెదర్లాండ్స్ లైట్‌ఇయర్, జర్మనీ సోనో మోటార్స్ రెండూ 2023 మొదట్లోనే ఆ కార్లను ఆపేశాయి.

ఇది చెప్పింది పిల్లను నిరుత్సాహపరచడానికి కాదు. ప్యానెల్ బజారులో దొరుకుతుంది. ఉన్న కొద్ది కరెంటుతో బండిని లాగించే మోటారు, కంట్రోలర్, బ్యాటరీని కాపాడే బీఎంఎస్, వీటిలోనే అసలు పనుంది. సోలార్ మాట ఎలా ఉన్నా ప్రతి ఎలక్ట్రిక్ స్కూటర్‌కూ ఆటోకూ ఇవి కావాల్సిందే. రోబోలోనూ ఇవే, పైన సెన్సర్లూ ప్రోగ్రామింగూ కలుస్తాయి. అందుకే నా ఓటు ఈఈఈకి (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్), ఆ తర్వాత ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్).

బంధువుల మాట పూర్తిగా తీసిపారేయకండి. సి, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు రాకపోతే రోబో అంగుళం కదలదు. కానీ అవి ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, రోబోలకు వాడే ఆర్‌ఓఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. మోటార్ల ల్యాబ్‌ను ఇంట్లో పెట్టుకోలేం కదా!

రోబోటిక్స్ బ్రాంచి చెడ్డదని అనను. మంచి ల్యాబ్, చెప్పేవాళ్లు ఉంటే చేర్చండి. కాకపోతే రేపు ప్రభుత్వ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులు పడితే ఈఈఈ డిగ్రీకి అర్హత టెన్షన్ ఉండదు, కొత్త పేర్లకు ఆ ధీమా లేదు.

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) అయ్యాక ఖాళీ దొరుకుతుంది. ప్రోగ్రామ్ రాసి మోటార్లను నడిపించే చిన్న ఆర్డుయినో బోర్డు ఒకటి, రెండు చిన్న మోటార్లు కొనివ్వండి. నల్ల గీత వెంట నడిచే బండి తనే చేయాలి. నాలుగుసార్లు చెడిపోయాక కూడా విప్పి చూస్తోందంటే నిశ్చింతగా ఈ దారిలో పంపండి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు మాత్రం కాలేజీకి మీరే వెళ్లి ల్యాబ్ చూపించమని అడగండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటున్నారంటే ఆ కాలేజీని లిస్టులో కిందికి దించేయండి.