భుజాల దాకా గీసిన బొమ్మకు ఒయ్యారమా?

సందేహం: 1900 ప్రాంతపు పత్రికల్లో వచ్చిన స్త్రీల పోర్ట్రెయిట్ బొమ్మల మీద వ్యాసం రాస్తున్నాను. భుజాల దాకా మాత్రమే గీసిన ఒక బొమ్మ కింద 'లావణ్యం ఉట్టిపడే ఒయ్యారి' అని రాస్తే, ఇందులో ఒయ్యారం ఎక్కడుందని మిత్రుడు అడిగాడు. అందం, సొగసు, లావణ్యం, ఒయ్యారం అన్నీ ఒకటే కదా?

సమాధానం: మీ మిత్రుడి మాటే సబబు. ఒయ్యారం నిలబడే తీరులో, నడకలో, ఒంటి వంపులో ఉంటుంది. నడుమే కనబడని బొమ్మకు ఆ మాట అతకదు. (వయ్యారం అని రాసినా ఇబ్బంది లేదు, రెండు రూపాలూ వాడుకలో ఉన్నవే.)

లావణ్యం సంగతి వేరు. అది ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించలేం. స్త్రీలలో అవయవాలను మించి లావణ్యం భాసించినట్టే మహాకవుల మాటల్లో మరో అర్థం స్ఫురిస్తుందని సంస్కృత అలంకారికుడు ఆనందవర్ధనుడు తన కావ్యశాస్త్ర గ్రంథం ధ్వన్యాలోకంలో అన్నాడు. చిత్రకళకు మనవాళ్లు చెప్పిన ఆరు అంగాల్లో 'లావణ్యయోజనం' ఒకటి. ప్రమాణాలను, సాదృశ్యాన్ని విడిగా లెక్కపెట్టారు. అంటే కొలతలు కుదిరి, పోలిక వచ్చినంత మాత్రాన బొమ్మకు లావణ్యం వచ్చేసినట్టు కాదు. అంత బరువున్న మాటను కాస్త పొదుపుగా వాడండి.

సొగసు తీర్చిదిద్దడంలో ఉంటుంది. అందుకే సొగసైన చీర అంటాం, లావణ్యవంతమైన చీర అనం. అమెరికన్ చిత్రకారుడు కోల్స్ ఫిలిప్స్ 1908లో 'లైఫ్' పత్రిక ముఖచిత్రంతో మొదలుపెట్టిన తరహా బొమ్మలు చూడండి. గౌను రంగూ వెనకాల రంగూ ఒకటే, మధ్యన అంచు గీత ఉండదు. ముఖం, చేతులు, బట్ట మీది చిన్న చిన్న వివరాలు ఆనవాళ్లుగా పెట్టుకుని మిగతా ఆకారాన్ని మన కన్నే పూరించుకుంటుంది. ఎంత నేర్పు! ఆ పనితనాన్ని సొగసు అనాలి.

మరో అమెరికన్ చిత్రకారుడు చార్లెస్ డానా గిబ్సన్ 1890ల నుంచి కలంతో గీసిన 'గిబ్సన్ గర్ల్' కూడా మీ వ్యాసంలో ఉంటుందనుకుంటాను. ఎత్తుగా ముడిచిన జుట్టు, కాస్త పైకెత్తిన గడ్డం, సగం వాల్చిన రెప్పల కింది నుంచి చూపు. నిలువెత్తు బొమ్మల్లో నడుము వంపు కనిపిస్తున్నా ఆమెను ఒయ్యారి అనడానికి నాకు మనసొప్పదు. ఆ తలెత్తుకున్న తీరుకు 'ఠీవి' అనే చక్కటి మాట ఉండనే ఉంది.

ఇక అందం ఎక్కడైనా చెల్లుతుంది, కాబట్టే ప్రత్యేకించి ఏమీ చెప్పదు. మీ బొమ్మ కింద 'లావణ్యం ఉట్టిపడే ముఖం' అని ఉంచి, ఒయ్యారిని తీసేయండి.