హ్యాండ్ బ్రేక్ వేస్తే ముందు లైట్లు ఆరిపోతున్నాయి, లోపమా?

లైట్ల స్విచ్ ఆటోలో ఉండగా హ్యాండ్ బ్రేక్ లాగితే ముందు లైట్లు ఆరిపోతున్నాయి, కారు సర్వీసుకి తీసుకెళ్లాలా అని అడిగారు. పగటిపూట ఆరుతుంటే అక్కర్లేదండి. ఆరింది హెడ్‌లైట్ కాదు, డీఆర్ఎల్, అంటే పగలు బండి ఎదుటివాళ్లకి కనబడేందుకు ముందు వాటంతటవే వెలిగే లైట్లు. హ్యాండ్ బ్రేక్ వేస్తే డీఆర్ఎల్ ఆరుతుందని హ్యుందాయ్ కార్లు కొన్నింటి మాన్యువల్లోనే రాసి ఉంటుంది. చీకటి పడ్డాక సెన్సర్ వెలిగించే హెడ్‌లైట్‌కి మాత్రం చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్‌తో పనే లేదు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మా బావ కారులో చూశాను. ఆమదాలవలస అవతల ఓ పల్లెకి పెళ్లికి పోతున్నాం. రాత్రి రైలు గేటు పడింది. హౌరా–చెన్నై లైను కదా, గూడ్సు పోయినా ఎక్స్‌ప్రెస్ పోయేదాకా గేటు తియ్యలేదు. మా వైపు మొదటి బండి మాదే. గేటుకి అవతల బస్తాలతో నాటుబండి. మా లైట్లు సూటిగా ఎడ్ల కళ్లలోకి కొడుతున్నాయి. అవి తలలు తిప్పేసుకుని కాడిని పక్కకి లాగేస్తున్నాయి. బండాయన ఒక చేత్తో పగ్గాలు పట్టుకుని, రెండో చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని "లైటాపండి బాబూ!" అని అరుస్తున్నాడు. మా బావేమో హ్యాండ్ బ్రేక్ దించడం, లాగడం, మళ్లీ దించడం. "బ్రేకేస్తే ఆరిపోతాదని షోరూములో సూపించారు కదేటి!" అంటాడు. వాళ్లు చూపించింది పట్టపగలు! "స్విచ్చి పార్కింగ్ లైటుకి తిప్పు బావా" అంటే అప్పుడు తిప్పాడు, ఎడ్లు కుదుటపడ్డాయి.

కారు చేతికిచ్చే రోజు దండ వేస్తారు, కొబ్బరికాయ కొట్టిస్తారు, కేకు కోయించి ఫొటోలు తీస్తారు. ఆ లైట్ల స్విచ్ గురించి రెండు ముక్కలు చెప్పడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అంతకంటే ప్రమాదం వెనక ఉంది. చాలా కార్లలో డీఆర్ఎల్ వెలిగినంత మాత్రాన వెనక ఎర్ర లైట్లు వెలగవు. చలికాలం పొద్దున్నే నరసన్నపేట నుంచి టెక్కలి వైపు హైవే మీద పొగమంచు పట్టినప్పుడు చూడండి. సెన్సర్ కొలిచేది వెలుతురుని, మంచుని కాదు. తెల్లారింది కదా అని హెడ్‌లైట్ వెయ్యదు. ముందు వెలుగుతున్నాయి కాబట్టి మనవాడు ధీమాగా పోతుంటాడు, వెనక లారీకి ఆ కారు ఆనదు. పోనీ అని పక్కన ఆపి హ్యాండ్ బ్రేక్ లాగాడా, ముందున్న ఆ కాస్త వెలుగూ పోతుంది. బండి రోడ్డు వార ఆగినప్పుడే కదా నలుగురికీ కనబడాల్సింది! అందుకే బ్రేకుకీ లైటుకీ ముడిపెట్టడం తప్పంటాను.

కెనడాలో 2021 సెప్టెంబరు నుంచి తయారయ్యే బళ్లకి రూలు మార్చారు. డీఆర్ఎల్‌తో పాటు వెనక లైట్లూ వెలగాలి, లేదా చీకట్లో అన్నీ వాటంతటవే వెలగాలి. రెండూ కాకపోతే మీటరు బోర్డు చీకటిగానే ఉండాలి, డ్రైవరుకి తెలిసొచ్చేలా. మనకీ అలాంటి రూలు రావాలి.

మీరు సాయంత్రం చీకటి పడ్డాక, స్విచ్ ఆటోలో పెట్టి ఇంజను స్టార్ట్ చెయ్యండి. ఇంట్లో ఒకరిని కారు ముందు, ఇంకొకరిని వెనక నిలబెట్టి హ్యాండ్ బ్రేక్ వేసి తీసి చూడండి. అప్పుడు కూడా హెడ్‌లైట్ ఆరిపోతుంటే మాన్యువల్ తియ్యండి. అందులో ఆ మాట లేకపోతేనే సర్వీసుకి వెళ్లండి. మంచులో మాత్రం ఆటోని నమ్మకుండా హెడ్‌లైట్ మీ చేత్తోనే వెయ్యండి.